చూడదగినవి మన దారిలోనే

రుద్రూరు నుండి బోధన్‌కు నిత్యం ప్రయాణించే విద్యార్థికి ఆ దారి కొట్టిన పిండి. ఇరువైపులా కాలువలు, వరి పొలాలు, అక్కడక్కడా చెరకు తోటలు. ఈ పచ్చదనానికి మూలం మంజీరా నదిపై 1923-1931 మధ్య నిర్మించిన నిజాంసాగర్. ఆ నీటి అండతో సాగైన చెరకు కోసమే 1937లో బోధన్ శివారున చక్కెర కర్మాగారం స్థాపితమైంది. అది 2015లో మూతపడినా, శక్కర్‌నగర్ అనే పేరు మాత్రం నిలిచింది. ఉర్దూలో 'శక్కర్' అంటే చక్కెరే కదా!

బోధన్ పట్టణంలో ఆగి చూడవలసిన కట్టడం దేవల్ మసీదు. దేవల్ అంటే దేవాలయం. ఒకే పేరులో రెండు మతాల ఆరాధనాస్థలాలు ఇమిడి ఉండటమే విశేషం. మొదట ఆలయంగా వెలసిన ఈ కట్టడం తుగ్లక్‌ల కాలంలో మసీదుగా మారింది. జైన సాహిత్యంలోని పోదనపురం ఈ బోధనే అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడి స్తంభాలపై శిల్పాలు, పైకప్పుపై గుమ్మటాలు ఒకేసారి కనిపిస్తాయి. అయితే దీని అసలు సొగసు తెలియాలంటే గోడల వెంట ఒకసారి చుట్టి రావాలి. దీని పునాది నక్షత్రాకారంలో ఉంటుంది. ఒక చతురస్రాన్ని దాని కేంద్రం మీద కొద్దికొద్దిగా తిప్పుతూ గీస్తే అంచున కోణాలు వరుసగా ఏర్పడతాయి. ఆ కోణాల వల్లనే గోడ ముందుకు పొడుచుకు వస్తూ, లోనికి ముడుచుకుంటూ సాగుతుంది. ఎండ పడినప్పుడు వెలుగునీడలు పక్కపక్కనే నిలుస్తాయి. ఎదురుగా నిలిచి తీసిన ఛాయాచిత్రంలో ఈ అందం సగమైనా తెలియదు.

చెట్లను కూడా ఇదే దృష్టితో చూడాలి. హైదరాబాదు వెళ్లినవారు గోల్కొండ కోటను చూస్తారు గాని, దాపునే నయా ఖిలాలో ఉన్న 'హాతియాన్ కా ఝాడ్'ను చూసేవారు కొద్దిమందే. ఇది ఆఫ్రికా ఖండానికి చెందిన బావొబాబ్ వృక్షం. దీని కాండం చుట్టుకొలత 25 మీటర్లకు పైమాటే. వయస్సు నాలుగు శతాబ్దాలకు మించినది. కాండంలో మనుషులు దూరగలిగేంత తొర్ర ఉంది. సముద్రాలు దాటి వచ్చిన ఈ చెట్టు, దక్కనుకు ఆఫ్రికాతో గల పాత సంబంధాలకు సజీవ సాక్ష్యం.

వింత చెట్లకే విలువ అనుకోరాదు. చేవెళ్ల మార్గంలో దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నాయి. రహదారి విస్తరణలో అవి నేలకూలే ప్రమాదం ఏర్పడగా, ప్రకృతి ప్రేమికులు ఒక్కొక్క చెట్టును లెక్కించి నమోదు చేశారు. 2020 తరువాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. లెక్కలో లేని చెట్టు తరఫున వాదించడం కష్టం.

ఆ పని మన ఊళ్లోనూ చేయవచ్చు. ఛాతీ ఎత్తున కాండం చుట్టూ తాడు చుట్టి, ఆ తాడును కొలిస్తే చుట్టుకొలత తెలుస్తుంది. దానితోపాటు చెట్టున్న చోటు, పూత కాలం, పెద్దలు దానిని పిలిచే పేరు రాసుకోవాలి. పేరు తెలియకపోతే ఒక ఆకును, ఒక కాయను కాగితంలో పొట్లం కట్టి కళాశాలలోని వృక్షశాస్త్ర అధ్యాపకులకు చూపిస్తే సరి.