బరువు లాగెడి డీజిలు బండియు, టర్బోచార్జరు దగ్గును

విద్యార్థులారా, కమ్మరి కొలిమిచెంత నిలిచి తిత్తిని పరికించినవారు మీలో కొందఱైన నుందురు. తిత్తిని నొక్కినపుడు గాలి గొట్టము గుండ నిప్పులలోనికి పోవును. లోపలనున్న తోలుతలుపు మూసికొని, గాలి వచ్చిన త్రోవనే మరలిపోకుండ అడ్డగించును. ఇపుడు మేము వివరింపబోవు యంత్రము కూడ గాలిని నొక్కునదియే కాని, దానికి అట్టి తలుపు లేదు. దాని చిక్కంతయు అందుండియే పుట్టుచున్నది.

డీజిలు యంత్రమున ఎంత గాలి యున్న నంత చమురు చక్కగా మండును. వ్యర్థముగా పోవు పొగ బలముచేతనే గాలిని సిలిండర్లలోనికి నెట్టవచ్చునను ఉపాయమునకు స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ బూఖీ 1905 వ సంవత్సరమున పేటెంటు పొందెను. ఒకే ఇరుసునకు రెండు చక్రములు. పొగ తాకుడుచేత తిరుగునది టర్బైను; వెలుపలి గాలిని పీల్చి నొక్కునది కంప్రెసరు. బండ్లలోని చిన్న టర్బోచార్జరుల ఇరుసు నిమిషమునకు ఇంచుమించుగా లక్షసార్లు తిరుగుట కలదు.

కంప్రెసరు పనిని తెలిసికొనుటకు రెండు సంగతులు చూడవలయును: గాలి ఎన్ని రెట్లు నొక్కబడుచున్నది? ఎంత గాలి సాగిపోవుచున్నది? ఒత్తిడి హెచ్చుగా నుండి ప్రవాహము తగ్గినయెడల, గాలి రెక్కలను అంటుకొని పోజాలక విడిపోవును. అంతట ముందరి గొట్టములో నిండియున్న గాలి వెనుకకు తన్నును. తన్నిన వెంటనే గొట్టములోని ఒత్తిడి పడిపోవును, రెక్కలకు మరల పట్టు దొరకును, గాలి ముందుకు సాగును, ఒత్తిడి పెరుగును, మరల తన్నును. ఈ పెనుగులాట ఒక్క క్షణములో పలుమార్లు జరుగును. దీనినే సర్జ్ అందురు. వినువారికి కుక్క మొఱిగినట్లో, ముసలివాడు దగ్గినట్లో యుండును. కంప్రెసరును నిర్మించువారు దాని నడవడిని ఒక పటముగా గీయుదురు. ఆ పటమున ఎడమప్రక్కనున్న హద్దునకు సర్జ్ రేఖ యని పేరు.

ఈ దగ్గు బరువు లాగునప్పుడే ఏల వచ్చును? అమెరికాదేశమున జనులు గుఱ్ఱముల పెట్టెలను, పడవలను, చక్రములపై నడచు ఇండ్లను పికప్ ట్రక్కులకు తగిలించి దూరప్రయాణము చేయుదురు. అచ్చటి ఫోర్డు సూపర్ డ్యూటీ ట్రక్కులలో 1999 మొదలు 2003 వఱకు వచ్చిన 7.3 లీటర్ల డీజిలు యంత్రమును దృష్టాంతముగా గైకొందము. దాని ఆటోమేటిక్ గేరుపెట్టెలో మూడవ గేరు నిష్పత్తి 1.00, నాలుగవదానిది 0.71. మూడవ గేరులో యంత్రము నిమిషమునకు 2,500 తిరుగుళ్లు తిరుగుచు కొండనెక్కుచున్నదనుకొందము. నాలుగు స్ట్రోకుల యంత్రము రెండు తిరుగుళ్లకు ఒకసారి మాత్రమే సిలిండర్లను నింపుకొనును గనుక, అవి పూర్తిగా నిండునని యెంచినచో నిమిషమునకు 1,250 × 7.3, అనగా 9,125 లీటర్ల గాలిని మ్రింగును. గేరుపెట్టె తనంతట నాలుగవ గేరునకు మాఱినతోడనే తిరుగుళ్లు 1,775 కు దిగును. మ్రింగుడు సుమారు 6,480 లీటర్లకు పడిపోవును. నూటికి 29 పాళ్లు తఱుగు! కాని కంప్రెసరు చక్రము తన వేగమును అంత త్వరగా విడువదు. పైగా, బండి వెనుకబడుచున్నదని డ్రైవరు ఆక్సిలరేటరును ఇంకను నొక్కును. ఒత్తిడి నిలిచియుండ, ప్రవాహము మాత్రము కుంగినది. సర్జ్ రేఖను దాటుటకు ఇంతకంటె ఏమి కావలయును? టార్కు కన్వర్టరు బిగిసికొనునప్పుడును తిరుగుళ్లు దిగును గనుక ఇట్లే జరుగును.

ఎత్తైన ప్రదేశములలో ఈ యిబ్బంది మఱింత హెచ్చు. కొలరాడో రాష్ట్రమున 1973 లో తెఱవబడిన ఐసెన్‌హోవరు సొరంగము సముద్రమట్టమునకు 11,000 అడుగుల పైచిలుకు ఎత్తున నున్నది. సముద్రతీరమున గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 14.7 పౌనులు, అచ్చట సుమారు 9.7 పౌనులు మాత్రమే. గేజి రెండుచోట్లను 20 పౌనులనే చూపినను, తీరమున ఆ నిష్పత్తి 34.7 ని 14.7 చే భాగింపగా 2.36, కొండపైన 29.7 ని 9.7 చే భాగింపగా 3.06. గేజి ముల్లు కదలకున్నను కంప్రెసరు శ్రమ పెరిగినది. గేజిని మాత్రమే నమ్మువాడు ఇచ్చట మోసపోవును. మీరు ఈ లెక్కను స్వయముగా చేసి చూడుడు.

అప్పుడప్పుడు వినబడు ఒక దగ్గుచేత గొప్ప కీడు లేదు. ఎడతెగక సాగినచో మాత్రము ఉపేక్షింపరాదు. గాలి ముందువెనుకలకు తన్నిన ప్రతిసారియు ఇరుసు నిలువునా ఒరపిడికి లోనగును. ఆ తాకుడును భరించునది థ్రస్టు బేరింగు. అది అరిగిన పిమ్మట చక్రపు రెక్కలు పెంకును ఒరయును. బిగింపులు చెడి, నూనె గాలిదారిలోనికి దిగవచ్చును. డీజిలు యంత్రము ఆ నూనెనే ఇంధనముగా మండించుకొని, తాళము త్రిప్పినను ఆగక పరుగెత్తుట కలదు. వెనుక నాలుగు టన్నుల ట్రైలరు, ముందు కొండవాలు. అట్టి వేళ బండిలోనున్న కుటుంబము గతి ఎట్టిదో ఊహింపుడు. ఆ ధ్వనిని వినుటకు ఇష్టములేక రేడియో హెచ్చించు డ్రైవరులు కలరట!

నివారణోపాయములలో మొదటిది పాదమునందే యున్నది గాని పర్సులో లేదని మా యభిప్రాయము. ఎక్కుడుదారిలో ఓవర్‌డ్రైవు మీటను ఆపి, మూడవ గేరులోనే యుంచి, తిరుగుళ్లు 2,000 కు తగ్గనీయక నడుపవలయును. కాలు తీయవలసివచ్చినపుడు చటుక్కున తీయక మెల్లగా సడలింపవలయును. చమురు కొంచెము ఎక్కువ ఖర్చగును, కానిండు.

పిదప గాలిని వడకట్టు ఫిల్టరును చూడవలయును. అది దుమ్ముతో మూసికొనిపోయిన, కంప్రెసరు నోటికడ ఒత్తిడి తగ్గి నిష్పత్తి పెరుగును, కొండనెక్కినట్లే యగును. పొగను ప్రక్కదారిన విడుచు వేస్టుగేటు బిగిసిపోయినను, చమురు హెచ్చుగా పోయునట్లు యంత్రమునకు కొత్త చిప్పు తగిలించినను ఫలమిదియే. చిప్పు పెట్టించినవారు, బరువు లాగునాడు దానిని తగ్గించుకొనుట మేలు.

కొందఱు పెట్రోలు బండ్లను చూచి, గాలిని వెలికి విడుచు కవాటమును కొని తగిలింతురు. పెట్రోలు బండిలో కాలు తీయగానే గాలిదారిని ఒక పళ్లెము మూయును గనుక అది అవసరము. మేము చెప్పుచున్న డీజిలు యంత్రమున ఆ పళ్లెమే లేదు. ఆ సొమ్ము దండుగ.

ఇవన్నియు చేసినను దగ్గు మానకున్న, అపుడు భాగములను మార్చుట న్యాయము. రెక్కల తీరు మార్చిన కంప్రెసరు చక్రములు దొరకును. పెంకులోపల నోటిచెంత ఒక సన్నని గాడి తొలిచి, విడిపోవు గాలి ఆ గాడి గుండ మరల ముందరికి వచ్చి చేరునట్లు చేసిన పెంకులును కలవు. టర్బైను పెంకును పెద్దదిగా మార్చినచో తక్కువ తిరుగుళ్లలో ఒత్తిడి అంత త్వరగా లేవదు గనుక దగ్గు తగ్గును. కాని బయలుదేరునప్పుడు బండి మందకొడిగా నుండును. భాగములు కొనుటకు ముందు, యంత్రము చల్లారిన తరువాత గాలి గొట్టమును ఊడదీసి, కంప్రెసరు చక్రపు ముక్కును వ్రేళ్లతో పట్టి ముందువెనుకలకు లాగి చూడవలయును. ఆ దిక్కున కదలిక చేతికి స్పష్టముగా తెలిసెనేని, థ్రస్టు బేరింగు అరిగినదని యెఱిగి, దానిని బాగుచేయించువఱకు ట్రైలరు తగిలింపరాదు.