ఇరవై నిమిషాల్లో తేలేది కాదు ఆటిజం

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల పది నెలలు. 'అమ్మ', 'తాత' అనేవాడు. ఏడాదిన్నర దాటాక ఆ మాటలూ ఆగిపోయాయి. పేరు పెట్టి పిలిస్తే పలకడు. కారు బొమ్మను తిరగేసి చక్రాలే తిప్పుతూ కూర్చుంటాడు. 'మీ ఆయనక్కూడా నాలుగేళ్లకే మాటలొచ్చాయి, కంగారు పడకు' అంటారు మా అత్తయ్య. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సెంటర్‌కు తీసుకెళ్తే ఇరవై ప్రశ్నల ఫారంలో టిక్కులు పెట్టించుకున్నారు. ఇరవై నిమిషాల్లో ఆటిజం అని చెప్పేశారు. ఆరు నెలల థెరపీ ఫీజు ముందే కట్టమంటున్నారు. వాళ్ల మాట నమ్మవచ్చా?
– ఒక తల్లి, కొత్తపేట

జవాబు: అమ్మా, మీ అనుమానం సరైనదే. వాళ్లు తేల్చిన పద్ధతి మాత్రం సరైంది కాదు. ఈ రెంటినీ విడివిడిగా చూద్దాం.

వచ్చిన మాటలు పోవడాన్ని ఏ వయసులోనూ తేలిగ్గా తీసుకోకూడదు. మీ అత్తయ్యగారు ధైర్యం చెప్పడానికే ఆ మాట అని ఉంటారు. ఆలస్యంగా మాటలొచ్చి, తర్వాత చక్కగా మాట్లాడిన పిల్లలు నిజంగానే ఉంటారు. అయితే అలాంటి పిల్లలు నోట మాట లేకపోయినా వేలు చూపించి అడుగుతారు. కొత్త బొమ్మ దొరికితే తెచ్చి మీకు చూపిస్తారు. డాబా మీద అన్నం తినిపిస్తూ 'అదుగో చందమామ' అంటే మీ వేలు వెంట చూసి, మళ్లీ మీ మొహం చూసి నవ్వుతారు. పిల్లలను పరీక్షించేటప్పుడు ఎన్ని మాటలొచ్చాయన్న లెక్కకన్నా ముందు మేం చూసేది దీన్నే. మీ వాడు ఇలా చేస్తున్నాడో లేదో ఈ వారం రోజులు గమనించి, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక ఆ ఫారం సంగతి. ఇరవై ప్రశ్నలన్నారు కాబట్టి అది ఎం-చాట్ అయి ఉంటుంది. దాన్ని 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారు చేశారు. మీ బాబుకు 34 నెలలు. పోనీ వయసు సరిపోయిందనుకున్నా అది జల్లెడ మాత్రమే. ఎవరిని ఇంకా లోతుగా పరీక్షించాలో చెబుతుందే గానీ, జబ్బు ఇదీ అని తేల్చదు. మూడు నుంచి ఏడు దాకా మార్కులొస్తే తల్లిదండ్రులను మళ్లీ వివరంగా అడగాలని దాన్ని తయారు చేసినవాళ్లే చెప్పారు.

అసలు పరీక్ష వినికిడితో మొదలవుతుంది. టీవీలో ప్రకటన పాట వస్తే పక్క గదిలోంచి పరుగెత్తుకొస్తాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. కొన్ని శబ్దాలు వినపడి, మాటల్లోని సన్నని తేడాలు వినపడని పిల్లలు ఉంటారు. అందుకే బెరా అనే వినికిడి పరీక్ష చేయించండి. పిల్లవాడు నిద్రలో ఉండగా చేస్తారు, నొప్పి ఉండదు. మీకు దగ్గర్లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. మాటలు వెనక్కి పోయాయి కాబట్టి పిల్లల న్యూరాలజిస్టుకు కూడా ఒకసారి చూపించండి. ఫిట్స్ లాంటివి ఉన్నాయేమో ఆయన చూస్తారు.

ఆ తర్వాత క్లినికల్ సైకాలజిస్టు. ఆయనో ఆవిడో ముందు మీతో చాలాసేపు మాట్లాడాలి. కాన్పు ఎలా అయింది, పుట్టగానే ఏడ్చాడా, ఎన్నో నెలలో కూర్చున్నాడు, ఎప్పుడు నడిచాడు, మాటలు ఆగిపోయిన రోజుల్లో ఇంట్లో ఏం జరిగింది – అన్నీ అడగాలి. తర్వాత పిల్లవాడితో నేల మీద కూర్చుని ఆడాలి. సబ్బు బుడగలు ఊది, హఠాత్తుగా ఆపేసి, ఇంకా కావాలని వాడు ఎలా అడుగుతాడో చూడాలి. బొమ్మకు అన్నం పెట్టే ఆట ఆడించాలి. ఏడాస్ అనే పరీక్ష ఇలాంటి ఆటలతోనే సాగుతుంది. వయసుకు తగ్గ ఎదుగుదల ఉందా లేదా అని వేరే కొలతలతో చూస్తారు. తినడం, బట్టలేసుకోవడం లాంటి రోజువారీ పనులు ఏ వయసు స్థాయిలో ఉన్నాయో వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలుతో అంచనా వేస్తారు. దీన్ని మాలిన్ మన దేశానికి తగినట్టు మార్చారు. కొత్త చోట మొదటిరోజు ఏడ్చే పిల్లలే ఎక్కువ. అందుకని రెండో రోజు రమ్మంటే విసుక్కోకండి. రెండోసారి పిలిచేవారినే నేను ఎక్కువ నమ్ముతాను.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది ఇంకో ప్రశ్న. చైతన్యపురి నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో స్తంభాల పక్కన 'చైల్డ్ సైకాలజిస్ట్' బోర్డులు చాలానే కనిపిస్తాయి. 1992 నాటి చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టులు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. వాళ్ల సీఆర్‌ఆర్ (నమోదు) నంబరు అడగండి. అడగడం తప్పు కాదు, నమోదైనవారు సంతోషంగా చూపిస్తారు. రిపోర్టు కింద సంతకం పక్కన ఆ నంబరు లేకపోతే ఆ కాగితం ఏ ఆఫీసులోనూ పనికిరాదు.

ప్రభుత్వ సంస్థ కావాలంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది. 1984లో మొదలైన ఈ సంస్థను చాలామంది ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే పిలుస్తారు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, జేబీఎస్‌లో దిగితే అక్కడినుంచి ఆటోలో వెళ్లొచ్చు. పొద్దున్నే బయల్దేరండి.

రిపోర్టు చేతికొచ్చేదాకా ఖాళీగా ఉండవద్దు. వినికిడి పరీక్ష కాగానే స్పీచ్ థెరపీ మొదలుపెట్టండి. మాటలు రాని పిల్లవాడికి ఏ పేరు పెట్టినా ఆ థెరపీ అవసరమే. ఆరు నెలల డబ్బు మాత్రం ముందే కట్టకండి. నెలకోసారి ఏం మారిందో చూసుకుని కట్టండి.

ప్రశ్న: మా మనవడికి నాలుగేళ్లు. ఇసా పరీక్షలో 94 వచ్చింది, 'మైల్డ్ ఆటిజం' అని రాశారు. 200కి 94 అంటే తక్కువ కదా, ఇంకా పెంచాలా అని మా అబ్బాయి అడుగుతున్నాడు. మైల్డ్ అయితే సర్టిఫికెట్ ఎందుకని కోడలు అంటోంది. మా ఇళ్లల్లో ఇదివరకు ఎవరికీ లేదు.
– ఒక తాతగారు, వనస్థలిపురం

జవాబు: అయ్యా, ఇసాలో మార్కులు పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువని అర్థం. కాబట్టి వీటిని బడి మార్కుల్లా చూడకండి. ఇది తెలివితేటల పరీక్ష కూడా కాదు.

ఇసా మన ఊళ్లోనే పుట్టింది. పైన చెప్పిన సికింద్రాబాద్ సంస్థే దీన్ని తయారు చేసి 2009లో విడుదల చేసింది. ఇందులో నలభై అంశాలుంటాయి. మనుషులతో కలవడం, భావాలు చూపడం, మాట, ప్రవర్తన, శబ్దం–స్పర్శ లాంటి ఇంద్రియానుభవాలు, ఆలోచన అని వాటిని ఆరు భాగాలు చేశారు. ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. కాబట్టి ఏ ఇబ్బందీ లేని పిల్లవాడికీ 40 వస్తాయి. 70 లోపు ఆటిజం లేదంటారు. 70 నుంచి 106 దాకా మైల్డ్, 107 నుంచి 153 దాకా మోడరేట్, ఆపైన సివియర్. మీ మనవడిది మొదటి మెట్టే.

కోడలుగారికి ఒక మాట చెప్పండి. సర్టిఫికెట్ లెక్కలో మైల్డ్ అంటే ఏమీ లేదని కాదు. ఇసా పట్టికలో 70 మార్కులకే 40 శాతం వైకల్యంగా లెక్కిస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ఆ చట్టం కింద చాలా సదుపాయాలు ఈ 40 శాతం దగ్గరే మొదలవుతాయి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో చేరితే లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంటుంది, థెరపీ ఖర్చులు కూడా కొంత తిరిగొస్తాయి. సర్టిఫికెట్ కోసం యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి మెడికల్ బోర్డుకు వెళ్లాలి. వనస్థలిపురం రంగారెడ్డి జిల్లా కిందికి వస్తుంది, ఆ జిల్లానే ఎంచుకోండి. ఆ కార్డును నలుగురికీ చూపించాల్సిన పని లేదు, బీరువాలో ఉంచుకోవచ్చు. అవసరం వచ్చిన రోజు అప్పటికప్పుడు పుట్టించలేరు.

ఇళ్లల్లో ఎవరికీ లేదన్నారు. పూర్వం 'మొండివాడు', 'ఒంటరిగాడు' అని వదిలేసిన పిల్లల్లో కొందరిది ఇదే అయ్యుండవచ్చు. హైదరాబాద్‌తో సహా దేశంలోని ఐదు ప్రాంతాల్లో జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2018లో వెలువడింది. రెండు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో 9.2 శాతం మందికి, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వారిలో 13.6 శాతం మందికి ఏదో ఒక నాడీ ఎదుగుదల సమస్య ఉందని తేలింది. వినికిడి లోపం, ఫిట్స్ కూడా ఆ లెక్కలో ఉన్నాయి. మీ వీధిలోనూ ఇంకొక ఇల్లు ఉండే ఉంటుంది, వాళ్లు బయటికి చెప్పుకోలేదంతే. మీ కోడలి వల్లా, కొడుకు వల్లా వచ్చింది కాదిది. ఈ విషయంలో ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనకుండా చూడాల్సింది పెద్దవారైన మీరే.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, ప్లే స్కూల్లో ఇంగ్లిష్, కింది వాటా వాళ్లతో హిందీ. మూడు భాషలవల్లే పాపకు మాటలు రాలేదంటున్నారు. ఫోన్ ఎక్కువ చూడటంవల్ల వచ్చిన 'వర్చువల్ ఆటిజం' అని ఇంకొకరు అన్నారు. ఏది నిజం?
– నాగోలు

జవాబు: రెండూ కావు. ఎక్కువ భాషలు వినడంవల్ల ఆటిజం రాదు. తెలుగు మానేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమని ఎవరైనా చెబితే వినకండి. మీ మనసులో మాట ఏ భాషలో సహజంగా వస్తుందో దాంట్లోనే పాపతో మాట్లాడండి. పరీక్ష కూడా ఆ భాషలోనే జరగాలి. ఇంగ్లిష్ కార్డులు చూపించి జవాబులు రాలేదని మార్కులు తగ్గించిన రిపోర్టులు నా దగ్గరికి వస్తుంటాయి. ఆ పిల్లలే 'నీళ్లెక్కడ?' అంటే బాటిల్ వైపు చూస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగులో పరీక్షిస్తారా అని అడగండి. వర్చువల్ ఆటిజం అనే పేరు జబ్బులను గుర్తించడానికి వైద్యులు వాడే డీఎస్ఎం-5లో గానీ ఐసీడీ-11లో గానీ లేదు. ఫోన్ చూపించానన్న అపరాధభావం వదిలేయండి. ఫోన్ మాత్రం పక్కన పెట్టండి, ఆ సమయం మీతో ఆటకు కావాలి. ఫోన్ మానేస్తే అదే సర్దుకుంటుందని పరీక్ష వాయిదా వేయకండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు, రెండో తరగతి. కుదురుగా కూర్చోదు, అక్షరాలు తిరగేసి రాస్తుంది. సైకాలజిస్టు రిపోర్టు తేకపోతే టీసీ తీసుకోమంటోంది బడి.
– ఒక తండ్రి, సరూర్‌నగర్

జవాబు: ముందు బడి సంగతి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. చదువులో ఇబ్బందులను వీలైనంత ముందుగా గుర్తించి తగినట్టు నేర్పాల్సిన బాధ్యతను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం విద్యాసంస్థల మీదే పెట్టింది. ఈ రెండు మాటలూ రాతపూర్వకంగా ఇవ్వండి. గొడవ అక్కర్లేదు, మర్యాదగా ఒక ఉత్తరం చాలు.

పాపను మాత్రం పరీక్షించాల్సిందే. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) అనాలంటే ఆ లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ, రెండు చోట్లా కనిపించాలి. అందుకే సైకాలజిస్టు మీకొక ఫారం, టీచరుకొక ఫారం ఇస్తారు. బడిలోనే కుదురు లేకపోతే పాఠం అర్థం కావడం లేదేమో చూడాలి, ముందు కంటి పరీక్ష చేయించాలి. డిస్లెక్సియా లాంటి స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీకి సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. అక్షరాలు తిరగేయడం ఆరేడేళ్ల పిల్లల్లో మామూలే. అది ఒక్కటే చూసి డిస్లెక్సియా అనకూడదు. అయితే సర్టిఫికెట్‌కు ఏడాది ఉందని నేర్పే పద్ధతి మార్చడం ఏడాది ఆపనక్కర్లేదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే బిడ్డకు ఉండవచ్చని 2013 నుంచి డీఎస్ఎం-5 ఒప్పుకుంటోంది. కాబట్టి సైకాలజిస్టు రెండింటినీ చూశారో లేదో అడగండి.

ప్రశ్న: స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో ఆటిజం పూర్తిగా నయమవుతుందని చెప్పారు. లక్షల్లో అవుతుందట. ప్లాట్ అమ్ముదామనుకుంటున్నాం.
– హయత్‌నగర్

జవాబు: అమ్మకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స పనిచేస్తుందని రుజువు లేదు. కొన్ని రక్త సంబంధ వ్యాధులు లాంటివి మినహా స్టెమ్ సెల్స్‌ను అనుమతి పొందిన పరిశోధనల్లో తప్ప వాడకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశోధన అయితే మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడుగుతున్నారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. మీ బిడ్డకు కావలసింది స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఇంట్లో రోజూ మీరిద్దరూ కూర్చుని చేయించే అభ్యాసం. అవి ఏళ్ల తరబడి సాగుతాయి, వాటికి డబ్బు కావాలి. ఆ ప్లాటును దానికోసం ఉంచండి.