ఏపీటీటీ ఒక్కటే పెరిగినప్పుడు

ధవళేశ్వరం

చి.ల.సౌ. అమ్మాయికి, బాబాయి దీవించి రాయునది. 

మొన్న ఫోనులో ఒక మాటన్నావు. "అక్వైర్డ్ హిమోఫిలియా పరీక్షల్లో రాయడానికే గానీ, మన వైపు ఎక్కడ కనిపిస్తుంది బాబాయ్?" అని. అప్పటినుంచీ నాకు అదే ఆలోచన. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో, కాస్త ఎక్కువో వస్తుందని లెక్క. ఆ లెక్కన మన జిల్లాలో ఏటా ఒకరిద్దరు ఉండాలి. బొబ్బర్లంక నుంచో, వేమగిరి నుంచో, కడియం నర్సరీల నుంచో ఆటోలో వచ్చి ముందు నీలాంటి డ్యూటీ డాక్టరు ముందే కూర్చుంటారు. రక్తజబ్బుల నిపుణుడి దాకా వెళ్లడం ఆ తర్వాతి మాట. వెళ్తారా లేదా అన్నది నీ చేతిలో ఉంటుంది.

పన్ను పీకించుకున్నప్పుడూ, కొడవలి తెగినప్పుడూ రక్తం చక్కగా గడ్డకట్టిన మనిషికి, ఎక్కువగా ముసలితనంలో, ఉన్నట్టుండి ఒంట్లోనే ఫ్యాక్టర్ 8ని పనిచేయనివ్వని యాంటీబాడీలు పుడతాయి. ఇంట్లో ఇంకెవరికీ ఉండదు. యూరప్‌లో 13 దేశాల్లో 501 మంది రోగుల వివరాలు సేకరించి 2012లో ప్రచురించారు. వాళ్ల మధ్యస్థ వయసు దాదాపు 74. ఇంచుమించు సగం మందిలో కారణమే దొరకలేదు. మిగిలినవారిలో క్యాన్సర్లు, లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం లాంటివి, ఆడవాళ్లలో కాన్పు. పుట్టుకతో వచ్చే హిమోఫిలియాలో కీళ్లలోకి రక్తం దిగుతుంది. ఇందులో కీళ్లు చాలావరకు బాగానే ఉంటాయి, చర్మం కిందా కండల్లోనూ చేరుతుంది.

మనవాళ్ల సంగతి నీకు చెప్పాలా? పెద్దాయన చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా వంకాయరంగుకి తిరిగితే "ఆయ్, వేడి చేసిందండీ" అని మజ్జిగ తాగిస్తారు. తొడ కండలో రక్తం నిండి సలుపుతుంటే వీధిచివర ఆర్‌ఎంపీ నొప్పి సూది పొడుస్తాడు. ఆ సూది పడ్డచోట ఇంకో గడ్డ లేస్తుంది. దాన్ని చీముగడ్డ అనుకుని కోశారో, ఇక రక్తం ఆగదు. ఈ జబ్బు చేసే చెరుపులో చాలా భాగం జబ్బు పేరు తెలియకముందు, వైద్యం పేరుతో మన చేతుల మీదుగానే జరుగుతుంది. అందుకే కారణం తెలియని కమిలిన మచ్చ కనిపిస్తే ముందు సూదులు, కోతలు, డైక్లోఫెనాక్ ఆపు. తర్వాతే ఆలోచించు.

బాలింతల విషయం మరీ జాగ్రత్త. పురుడు ఒక ఊళ్లో పోసుకుని, పుట్టింటికొచ్చిన పిల్లకి వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత ఇది మొదలవుతుంది. కాన్పు చేసిన డాక్టరుకి ఈ మచ్చలు తెలియవు, మచ్చలు చూసిన డాక్టరు కాన్పు సంగతి అడగడు. నువ్వు అడుగు.

ఇక పరీక్ష. ప్లేట్‌లెట్లు బాగుంటాయి, రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే రెండు పరీక్షల్లో పీటీ బాగుంటుంది, ఏపీటీటీ ఒక్కటే పెరుగుతుంది. ఆ ఒక్క అంకెని ల్యాబ్ పొరపాటని కొట్టిపారెయ్యకు. పొరపాటు జరగదని కాదు. నీలం మూత ట్యూబు గీత దాకా నిండకపోయినా, హెపారిన్ పోసిన లైన్లోంచి రక్తం తీసినా అంకె అబద్ధమాడుతుంది. కాబట్టి చేతి నుంచి కొత్తగా తీసి మళ్లీ పంపు. మళ్లీ పెరిగే ఉంటే రోగి ప్లాస్మా సగం, ఆరోగ్యవంతుల ప్లాస్మా సగం కలిపి చూడమను. ఫ్యాక్టర్ తక్కువై ఉంటే ఆ సగంతోనే సరిపోయి ఏపీటీటీ దిగుతుంది. యాంటీబాడీ ఉంటే దిగదు. ఇక్కడే చాలామంది మోసపోతారు: ఫ్యాక్టర్ 8 మీది యాంటీబాడీ నెమ్మదిగా పనిచేస్తుంది. కలిపిన వెంటనే చూస్తే అంతా బాగున్నట్టే ఉండొచ్చు. అదే ట్యూబుని 37 డిగ్రీల వాటర్‌బాత్‌లో రెండు గంటలు ఉంచి చూస్తే అంకె మళ్లీ పైకి లేస్తుంది. మీ ల్యాబ్ టెక్నీషియన్ పక్కన కూర్చుని ఆ రెండు గంటలూ ఒకసారి చూడు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అయితే సాధారణంగా కలిపిన వెంటనే బయటపడుతుంది, పైగా వాళ్లకి రక్తం కారడం కంటే నాళాల్లో గడ్డలు కట్టే భయమే ఎక్కువ.

మన డెల్టాలో ఇంకొకటి కలగలుస్తుంది. రక్తపింజరి కాటు. వరిచేలో ఏం కుట్టిందో చూసుకోని మనిషి చిగుళ్ల నుంచి రక్తంతో వస్తాడు. అక్కడ పీటీ, ఏపీటీటీ రెండూ చెడతాయి, ఫైబ్రినోజెన్ పడిపోతుంది. ఎలుకల మందు తిన్నా, వార్ఫరిన్ ఎక్కువైనా ముందు పెరిగేది పీటీ. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చదివితే దారి దానంతటదే విడిపోతుంది.

ఫ్యాక్టర్ 8 శాతం, యాంటీబాడీ బలాన్ని చెప్పే బెథెస్డా యూనిట్లు పెద్ద ల్యాబులో చూస్తారు. ఆ బెథెస్డా కొలతను 1975లో స్థిరపరిచారు. కానీ ఆ యూనిట్లు తక్కువ కదా అని ధైర్యపడకు. ఇందులో అంకెకీ రక్తస్రావానికీ పొత్తు కుదరదు. తక్కువ టైటర్‌తో కూడా ప్రాణం మీదికి రావచ్చు.

వైద్యంలో పనులు రెండు, కలిపే మొదలుపెట్టాలి. రక్తం ఆపడం ఒకటి, యాంటీబాడీ పుట్టకుండా చేయడం రెండోది. ఎఫ్‌ఎఫ్‌పీ (ప్లాస్మా) సంచులు వరసగా ఎక్కించడం వల్ల ప్రయోజనం లేదు, ఎక్కించినదాన్నీ యాంటీబాడీ పనిచేయనివ్వదు. ఫ్యాక్టర్ 8ని పక్కన పెట్టి దారి మళ్లించే మందులు కావాలి: రీకాంబినెంట్ ఫ్యాక్టర్ 7ఏ, లేదా ఫీబా. 7ఏ కిలోకి 90 మైక్రోగ్రాములు, రెండు మూడు గంటలకోసారి. అరవై కిలోల మనిషికి ఒక్క డోసుకే 5.4 మిల్లీగ్రాములు. ఖరీదు చూస్తే గుండె గుభేలుమంటుంది. అందుకే చర్మం మీది ప్రతి మచ్చకీ వాడరు, ప్రాణానికో అవయవానికో ముప్పున్నచోట వాడతారు. గుండెజబ్బున్న ముసలివాళ్లలో ఇవే మందులు గడ్డలు కట్టించగలవని మర్చిపోకు. పంది ఫ్యాక్టర్ 8 నమూనాతో తయారుచేసినదీ ఉంది. ఎమిసిజుమాబ్‌ని ఈ జబ్బుకి జపాన్ 2022లో అనుమతించింది. రెండో పనికి ప్రెడ్నిసలోన్ కిలోకి ఒక మిల్లీగ్రాము, తోడుగా సైక్లోఫాస్ఫమైడ్ గానీ రిటుక్సిమాబ్ గానీ. మొదలుపెట్టేముందు షుగరు, క్షయ, హెపటైటిస్ బి చూసుకో. ఈ జబ్బులో రక్తం పోయి చనిపోయేవాళ్లతో పాటు ఇమ్యూనిటీ తగ్గి ఇన్ఫెక్షన్‌తో చనిపోయేవాళ్లూ ఉన్నారు.

ఇవన్నీ నువ్వొక్కదానివే చెయ్యాలని కాదు. అనుమానం రాగానే వేలూరు సీఎంసీ లాంటి చోట రక్తజబ్బుల విభాగంతో ఫోనులో మాట్లాడు, తర్వాతే రోగిని కదిలించు. పంపేటప్పుడు రిపోర్టుల నకళ్లు వాళ్లబ్బాయి చేతిలో పెట్టు.

తగ్గి ఇంటికొచ్చినవాళ్లని వదిలెయ్యకు. పదిమందిలో ఒకరిద్దరికి తిరగబెడుతుంది. మొదటి ఆరు నెలలు నెలకోసారి ఏపీటీటీ, ఫ్యాక్టర్ 8 చూడాలి. బాలింతకైతే మళ్లీ నెల తప్పినప్పుడు ముందే రమ్మని చెప్పు, యాంటీబాడీ మాయ దాటి బిడ్డకీ చేరగలదు. ప్రతి రోగికీ పెద్ద తెలుగు అక్షరాల్లో ఒక కాగితం రాసివ్వు: కండకి సూది వేయించుకోవద్దు, నొప్పి బిళ్లలు వద్దు, పన్ను పీకించుకునేముందు చెప్పాలి, కొత్తగా మచ్చ వస్తే అదేరోజు రావాలి. కింద మీ ఆస్పత్రి నంబరు వెయ్యి.

ఆశీస్సులతో,
మీ బాబాయి