పైలటు లైసెన్సు పొందిన పిమ్మట

ఇంటర్మీడియటులో గణితము, భౌతికశాస్త్రము చదివి విమానచోదకులు కాగోరు యువతీయువకులు నేడు మన గ్రామములలో కూడ కలరు. శిక్షణ వ్యయమునకై పొలము తాకట్టు పెట్టబోవు తండ్రి, ముందుగా పంచాయతీ సభ్యుని సలహా కోరుట సహజము. అట్టి సభ్యులు గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. లైసెన్సు వేరు, ఉద్యోగము వేరు. ఈ రెంటి నడుమ అనుభవమను మెట్టు ఉన్నది. దానిని గూర్చి ఇచట వివరింతుము.

గంటల లెక్క

పైలటు అనుభవమును గంటలలో కొలుతురు. విమానము నడపిన ప్రతి పర్యాయము ఆ కాలమును లాగ్‌బుక్కులో వ్రాయుదురు. మన దేశమున వాణిజ్య పైలటు లైసెన్సునకు 200 గంటలు కావలెను. అందు 100 గంటలు తానే విమానమునకు బాధ్యత వహించి నడపవలెను. ఈ లైసెన్సుతో ఎయిర్‌లైను కంపెనీలో సహపైలటుగా చేరుటకు చట్టము అడ్డురాదు. కాని ఆ కంపెనీ నడపు పెద్ద విమానముపై ప్రత్యేక శిక్షణ పొందవలెను. దానికి వేరుగా సొమ్ము కావలెను. ఖాళీలును ఉండవలెను.

అమెరికాలో 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరము చెంత విమానము కూలి 50 మంది మరణించిరి. అటుపిమ్మట అచట నిబంధనలు కఠినమయ్యెను. 2013 నుండి సహపైలటునకు కూడ సాధారణముగా 1500 గంటలు ఉండవలెను. అచటి వాణిజ్య లైసెన్సు 250 గంటలకే లభించును. మిగిలిన 1250 గంటలను నెలకు 50 చొప్పున గడించినను 25 నెలలు పట్టును.

గడించు మార్గములు

మొదటిది బోధన. బోధకుని అర్హతకు వేరుగా శిక్షణ, పరీక్ష కలవు. మన దేశమున తొలుత సహాయ బోధకునిగా పెద్దల పర్యవేక్షణలో పనిచేయవలెను. శిష్యుని పొరపాటును కనిపెట్టి తక్షణమే సరిదిద్దువానికి తన విద్యయు పదునెక్కును. వేతనమును లభించును.

రెండవది చిన్న విమానముల ఉద్యోగము. భూమిని ఫొటోలు తీయుట, అద్దె విమానములలో ప్రయాణికులను చేరవేయుట, విదేశములలో పారాచూటు క్రీడాకారులను పైకి కొనిపోవుట మున్నగునవి ఇట్టివి.

మూడవది విమానమును అద్దెకు గొని నడపుట. ఇది మిక్కిలి ఖరీదైనది. భూమిపై నుండు నమూనా యంత్రమున చేసిన అభ్యాసము కొంతమేరకే లెక్కకు వచ్చును.

హెచ్చరిక

ఎగురకయే గంటలు వ్రాసియిత్తుమనువారిని నమ్మరాదు. నకిలీ పత్రములతో లైసెన్సులు పొందిన కొందరు పైలటులు 2011లో మన దేశమున అరెస్టయిరి. లేని అనుభవమును ఉన్నట్లు చూపుట ప్రయాణికుల ప్రాణములతో చెలగాటమే.

కావున సలహా కోరివచ్చిన తండ్రిని ఈ ప్రశ్నలు అడుగుడు. మొదటి తరగతి వైద్యపరీక్ష ముందే చేయించితిరా? ప్రత్యేక శిక్షణకు సొమ్ము మిగులునా? లైసెన్సు వచ్చిన పిమ్మట రెండు మూడేండ్లు ఉద్యోగము రాకున్నను అప్పునకు వడ్డీ కట్టగలరా? వీనికి సమాధానము దొరకిన పిమ్మటనే తాకట్టు మాట తలపెట్టుట మేలు.