ల్యాబ్ చదువులో పీజీ: హక్కులు, నిబంధనలు, తరచూ వచ్చే ప్రశ్నలు

ఎం.ఎస్సీ. పూర్తిచేస్తే రిపోర్టు మీద సంతకం పెట్టవచ్చా?

ఎక్కువమంది అడిగేది ఇదే కనుక ముందు దీన్నే తీసుకుందాం. గుజరాత్ ప్రైవేటు ల్యాబ్ యజమానుల కేసులో 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ల్యాబ్ రిపోర్టు మీద కౌంటర్ సంతకం చేయాల్సింది పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరేనన్న భారత వైద్య మండలి మాటే సరైనదని చెప్పింది. దాంతో ఏళ్ల తరబడి సంతకాలు చేస్తున్న ఎం.ఎస్సీ., పీహెచ్‌డీ వాళ్లు ఒక్కసారిగా గాలిలో పడ్డారు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలను సవరించింది. ల్యాబ్ స్థాయిని బట్టి తగిన అర్హత, అనుభవం ఉన్న ఎం.ఎస్సీ., పీహెచ్‌డీ వాళ్లు తమ సబ్జెక్టు పరీక్షల వరకు సంతకం చేయవచ్చని అందులో ఉంది.

అయితే రిపోర్టులో అభిప్రాయం గానీ వ్యాఖ్యానం గానీ రాయకూడదు. షుగరు 310 అని వేయవచ్చు, మధుమేహం ముదిరిందని రాయకూడదు. ఆ రిపోర్టు డాక్టర్ల ఉపయోగం కోసమేననీ, రోగనిర్ధారణ కాదనీ దాని మీదే ఉండాలి.

బయాప్సీ స్లైడ్ చూసి క్యాన్సరా కాదా తేల్చే బాధ్యత పాథాలజిస్టుదే. ఆ గీత ఉండి తీరాలి. కానీ కంట్రోల్స్ నడిపి, కాలిబ్రేషన్ చూసి, తేడా వచ్చిన శాంపిల్‌ను మళ్లీ పెట్టి విలువను తేల్చిన మనిషి పేరు కాగితం మీద ఎక్కడా లేకపోవడం న్యాయం కాదు. ఊళ్లోనే లేని డాక్టరు సంతకాన్ని కంప్యూటర్లో అతికించి రిపోర్టు ఇచ్చే ల్యాబులు ఉన్నాయి. ఆ పని మీతో చేయించబోతే ఒప్పుకోకండి. రేపు తప్పు జరిగితే లాగిన్ మీ పేరు మీదే ఉంటుంది.

ఈ సంతకం నిబంధన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకటేనా?

కాదు. తెలంగాణ 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కు 2002లో చేసిన రాష్ట్ర చట్టం ఉంది. కేంద్ర సవరణ చూపించి ఆంధ్రప్రదేశ్‌లో హక్కు అడిగే ముందు జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం బాధ్యత మీకు ఉందో లేదో నియామక పత్రంలో రాయించుకోండి.

మా అమ్మాయి బీఎస్సీ ఎం.ఎల్.టి. (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చదివింది. పీజీలో ఏం చేయవచ్చు?

రెండు దారులు ఉన్నాయి. ఒకటి రెండేళ్ల ఎం.ఎస్సీ. ఎం.ఎల్.టి. ఇందులో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, పాథాలజీ వంటి విభాగాల్లో ఒకదాన్ని లోతుగా చదువుతారు. పుదుచ్చేరి జిప్మర్, చండీగఢ్ పీజీఐ వంటి చోట్ల సీటు కోసం ప్రవేశ పరీక్షలో గట్టి పోటీ ఉంటుంది. రెండోది మెడికల్ కాలేజీల్లో ఉండే మూడేళ్ల మెడికల్ ఎం.ఎస్సీ. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ చదివాక సొంత సబ్జెక్టులోకి వెళ్తారు. బోధన, పరిశోధన వైపు మనసున్నవాళ్లకు రెండో దారి మంచిది. ల్యాబ్‌ను నడిపించే సూపర్‌వైజర్, క్వాలిటీ మేనేజర్ పనులు కోరుకునేవాళ్లకు మొదటిది చాలు.

బీజడ్‌సీతో మామూలు డిగ్రీ చేసినవాళ్లకు మెడికల్ ఎం.ఎస్సీ.లో కొన్నిచోట్ల సీటు వస్తుంది. ఎం.ఎల్.టి. పీజీకి మాత్రం చాలాచోట్ల ఎం.ఎల్.టి. డిగ్రీయే అడుగుతారు. ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో ఉన్న అర్హతే లెక్క, ఏజెంటు చెప్పింది కాదు.

ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చేయకూడదా?

చేయకండి. 2021 నాటి జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం కిందికి వచ్చే కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపరాదని 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి యూజీసీ ఆపేసింది. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. శాంపిల్ ముట్టుకోకుండా వచ్చిన పట్టా రోగికీ మంచిది కాదు.

ప్రభుత్వ ఎల్.టి. పోస్టుకు పీజీ ఉంటే లాభమా?

పెద్దగా లేదు. గ్రేడ్-2 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు డిప్లొమా ఉన్నా అర్హులే. 2024లో తెలంగాణలో 1,284 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు డిప్లొమావాళ్లూ పీజీలూ ఒకే వరుసలో నిలబడ్డారు. అక్కడ తప్పకుండా కావలసింది పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్. పీజీ చేసి కూడా ఆ రిజిస్ట్రేషన్ పక్కన పెట్టేసినవాళ్లు ఉంటే వెంటనే పూర్తిచేసుకోండి. 2021 చట్టం కింద రాష్ట్ర మండలి రిజిస్టర్, దాని మీద కేంద్ర రిజిస్టర్ ఉంటాయి. పేరు లేకుండానే ఉన్నట్టు చెప్పుకుంటే శిక్ష పడుతుంది.

మెడికల్ కాలేజీలో పాఠం చెప్పవచ్చా?

ఎం.ఎస్సీ. మీద పీహెచ్‌డీ ఉంటే దారి ఉంది. మధ్యలో మూతపడిన మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ తలుపులను కూడా జాతీయ వైద్య కమిషన్ 2025 నిబంధనలతో మళ్లీ తెరిచింది.

సీటు వదులుకుంటే ఫీజు తిరిగి ఇవ్వరంటున్నారు. సర్టిఫికెట్లూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఏం చేయాలి?

మన దగ్గర ఇది పెద్ద జబ్బు. యూజీసీ 2018 అక్టోబరు ప్రకటన ప్రకారం కాలేజీ మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, సరిపోల్చుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. తన దగ్గర ఉంచుకునే హక్కు దానికి లేదు. ఫీజుకు కూడా లెక్క ఉంది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే మొత్తం ఫీజు వస్తుంది, ప్రాసెసింగ్ కింద 5 శాతం, గరిష్ఠంగా 5,000 రూపాయలు మినహాయించవచ్చు. ఆ 15 రోజుల లోపు అయితే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లో 80 శాతం, 30 రోజుల్లోపు 50 శాతం ఇవ్వాలి. ఆ తర్వాత రాదు. అందుకే మానుకుంటున్నట్టు నోటితో చెప్పి ఊరుకోకండి. ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో పంపి, తేదీ ఉన్న రుజువు దాచుకోండి.

వినకపోతే 2023 యూజీసీ నిబంధనల కింద కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి రాయండి. అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే అక్కడి నుంచి 15 రోజుల్లో విశ్వవిద్యాలయం అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. విజయవాడలోని ఎన్టీఆర్, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాల కాలేజీల్లో చదివేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఎదురుతిరిగితే ఇంటర్నల్ మార్కులు తగ్గిస్తారన్న భయం చాలామందిని ఆపుతోంది. నలుగురు కలిసి సంతకాలు చేసి ఇచ్చిన అర్జీని ఏ ప్రిన్సిపాలూ తేలిగ్గా తోసేయలేరు.

థీసిస్‌కు ల్యాబ్‌లో మిగిలిపోయిన శాంపిళ్లు వాడుకోవచ్చా?

సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ట్యూబ్ కూడా వాడకూడదు. రోగి ఎవరో తెలియకుండా వివరాలు తీసేసిన మిగులు శాంపిళ్లకు విడిగా అంగీకారం అక్కర్లేదని కమిటీయే మినహాయింపు ఇవ్వవచ్చు. ఆ నిర్ణయం కమిటీది. మీది కాదు, మీ గైడ్‌ది కూడా కాదు.

విదేశాల్లో ఈ పట్టా చెల్లుతుందా?

పట్టా ఒక్కటే చాలదు. బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో లేకుండా బయోమెడికల్ సైంటిస్ట్ అని చెప్పుకోకూడదు. అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఎక్కువగా ఏఎస్‌సీపీ పరీక్ష రాస్తారు. గల్ఫ్‌లో లైసెన్సుకు ముందు సర్టిఫికెట్లు నేరుగా విశ్వవిద్యాలయం నుంచి నిర్ధారణ కావాలి. మార్కుల జాబితాలు, ఇంటర్న్‌షిప్ పత్రం ఇప్పుడే భద్రం చేసుకోండి.

ల్యాబ్‌లో సూది గుచ్చుకుంది. విద్యార్థినే కదా, నన్నెవరు పట్టించుకోవాలి?

పట్టించుకోవాల్సింది ఆ సంస్థే. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వ్యర్థాలు ముట్టుకునే ఆరోగ్య సిబ్బందికీ, ఆ పనిలో ఉన్న ఇతరులకూ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. చేరేటప్పుడూ, ఆ తర్వాత ఏడాదికోసారీ ఆరోగ్య పరీక్ష, శిక్షణ ఉండాలి. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం, ప్రమాదం ఉన్నచోట పనిచేసే వాళ్లందరికీ రక్షణ సామగ్రి, గుచ్చుకున్నాక వేసుకునే నివారణ మందు సంస్థే ఇవ్వాలి.

గుచ్చుకోగానే సబ్బుతో, పారే నీటితో కడగండి. గాయాన్ని పిండకండి. వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పి రిజిస్టర్‌లో రాయించండి. నివారణ మందు వీలైతే 2 గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. ఆ శాంపిల్ ఇచ్చిన రోగికి హెచ్ఐవీ పరీక్ష చేయాలన్నా అతని అంగీకారం కావాలి. దొంగచాటుగా మీరే పెట్టి చూడటం చట్టవిరుద్ధం.

చాలామంది తిడతారని దాచేస్తారు. దయచేసి దాచకండి. చేరిన మొదటి వారంలోనే హెపటైటిస్ బి టీకా గురించి అడగండి, నివారణ మందు ఏ గదిలో, ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకుని పెట్టుకోండి.