పాత పేపర్ కటింగ్ మిషన్: బాగు చేయించాలా, వదిలేయాలా?

మొయినాబాద్, అజీజ్‌నగర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టు రిపోర్టులు, చేవెళ్లలో పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణలు లెక్కపెట్టుకునే చీటీలు... దేనికైనా అంచు నీటుగా రావాలంటే కటింగ్ మిషన్ కావాలి. మూతబడిన ప్రెస్సులో పోత ఇనుము మిషన్ చౌకగా వస్తుందంటే జిరాక్స్ షాపువాళ్లకు, బైండర్లకు ఆశ పుట్టడం సహజం. అయితే అలాంటివాటిలో చాలాసార్లు ఏదో ఒక భాగం ఉండదు. ధర సంగతి తర్వాత, పోయింది ఏ భాగమో ముందు తేల్చుకోండి. కొలతకు పనికొచ్చేది పోతే చేయించుకోవచ్చు. బ్లేడును పట్టి ఉంచేదో, ఆపేదో పోతే, సరైన భాగం వచ్చేదాకా మిషన్ నడవకూడదు.

కొనేముందు చేయవలసినవి

• ఫ్రేము, చేతి చక్రం, బ్లేడు బిగించే దూలం శుభ్రంగా తుడిచి చూడండి. అనుమానం ఉన్నచోట కిరోసిన్ రాసి, కాసేపాగి తుడిచేసి, సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపలి కిరోసిన్ ఊరి తడి గీత తేలుతుంది. బరువు మోసే చోట గీత కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. పోత ఇనుముకు వెల్డింగు పెడితే దాని పక్కనే మళ్లీ పగలొచ్చు.

• పోయిన భాగాలను రెండు వరసలుగా రాసుకోండి. మొదటి వరస: బ్యాక్ గేజి, దాన్ని కదిపే స్క్రూ, పక్క గైడు, బ్లేడు దిగే చోట ఉండే కర్ర. వీటిని మంచి లేత్ షాపులోనో, వడ్రంగి దగ్గరో చేయించుకోవచ్చు. రెండో వరస: కాగితాన్ని నొక్కిపట్టే క్లాంపు, బ్లేడు బోల్టులు, సేఫ్టీ పిన్ను, దూలాన్ని పైనే ఆపే లాకు; మోటారు మిషనైతే బ్రేకు, ముందు గార్డు, రెండు చేతులతో నొక్కే బటన్లు.

• రెండో వరసలో ఒక్కటి లేకపోయినా, ఆ మోడల్‌కు సరిపోయేది దొరుకుతుందో లేదో డబ్బు ఇవ్వకముందే కనుక్కోండి. అమృత్‌సర్‌లో ఈ మిషన్లు తయారు చేసేవాళ్లు ఉన్నారు. పేరు పలక ఫొటో, కొలతలు పంపి అడగండి.

• బ్లేడు వెడల్పు కొలవండి. సాన పట్టగా పట్టగా అరిగిపోయిన బ్లేడు కర్ర దాకా అందదు. కొత్త బ్లేడు ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

చేయకూడనివి

• సేఫ్టీ పిన్ను స్థానంలో మేకు గానీ గట్టి బోల్టు గానీ పెట్టకండి. భారం మితిమీరినప్పుడు తాను తెగి మిషన్‌ను కాపాడటానికే కొన్ని మిషన్లలో ఆ పిన్ను పెడతారు.

• రెండు బటన్లలో ఒకటి పాడైందని వైరు కలిపేయకండి. రెండో చేయి బ్లేడు కిందికి వెళ్లకుండా ఆపేది ఆ బటనే.

• బ్లేడుకు వెల్డింగు పెట్టకండి, రంధ్రాలు వేయకండి. గ్రైండరు వేడికి అంచు నీలంగా మారిందంటే పదును నిలవదు.

• బ్లేడు బిగించి ఉండగా మిషన్‌ను బండి ఎక్కించకండి. విప్పిన బ్లేడును చెక్క తొడుగులో బిగించి, ఇద్దరు కలిసి మోయాలి.

• పాత పెయింటును పొడిగా గీకకండి. అందులో సీసం ఉండే అవకాశం ఉంది. తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి.

మొదటి కోతకు ముందు

• బ్లేడు లేకుండా మిషన్‌ను ఆడించండి. బ్లేడు దూలం కన్నా ముందు క్లాంపు దిగాలి. చక్రం వదిలేసినా దూలం పైనే ఆగాలి. ఆగకపోతే బ్లేడు బిగించవద్దు.

• ఏ4 కాగితం రీము, అంటే 500 షీట్లు, దాదాపు 5 సెంటీమీటర్ల మందం ఉంటుంది. మొదట అందులో సగానికి సగం పెట్టి చూడండి. అడుగు షీటు ఒక పక్కే తెగితే బ్లేడు సమంగా లేనట్టు.

• చీటీల్లాంటి చిన్న ముక్కలను వేళ్లతో తోయకండి, చెక్క దిమ్మె వాడండి. వేళ్లకు అసలు ప్రమాదం ఈ చిన్న పనుల్లోనే.

• నేర్పకుండా కుర్రాళ్లను మిషన్ ముందు నిలబెట్టకండి. ప్రమాదకర యంత్రాల దగ్గర చిన్న వయసువారికి పూర్తి శిక్షణో, అనుభవజ్ఞుల పర్యవేక్షణో ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం అమల్లో ఉన్నప్పుడు దాని 23వ సెక్షన్ చెప్పేది. చిన్న షాపుకు ఆ చట్టం వర్తించి ఉండకపోయినా, ఆ జాగ్రత్త ఇప్పటికీ తప్పనిసరి.

వేలు తెగితే

గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి పట్టి, 108కి ఫోన్ చేయండి. తెగిపోయిన వేలిని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచండి. వేలిని నేరుగా ఐసులో వేయకూడదు. దాన్ని కూడా గాయపడిన మనిషితో పాటే ఆసుపత్రికి చేర్చండి.

రెండో వరసలోని భాగం ఎక్కడా దొరకలేదంటే ఆ మిషన్ పని అయిపోయినట్టే. బ్లేడు తీసేసి షాపులో గుర్తుగా నిలబెట్టుకోండి, లేదా తుక్కుకు వేయండి. అంతేగానీ, అలాగే ఇంకొకరికి అమ్మకండి. మనం వద్దనుకున్న ప్రమాదాన్ని మరో షాపులోని కుర్రాడి చేతికి అంటగట్టడం న్యాయం కాదు.