బండి పెట్రోలు మూత

అక్కా! మీ ఇంట్లో మోటారు సైకిలు ఉందా? పెట్రోలు మూత తీయడం, పెట్టడం మనకూ తెలియాలి.

ముందు ఇంజను ఆపండి. దగ్గర్లో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు. పెట్రోలు ఆవిరి కంటికి కనపడదు. అది గాలికన్నా బరువు. నేలబారున పాకి, దూరాన ఉన్న పొయ్యిని కూడా అందుకుంటుంది.

మూత చుట్టూ మట్టి తుడవండి. తాళంచెవి పెట్టి మెల్లగా తిప్పండి. బలవంతం చేస్తే చెవి విరుగుతుంది.

మూత కింద రబ్బరు వాషరు ఉంటుంది. అది చీలితే వాననీళ్లు టాంకులోకి దిగుతాయి.

చాలా బండ్ల మూతలో సన్నని గాలి రంధ్రం ఉంటుంది. అది పూడితే పెట్రోలు కిందికి దిగదు. బండి కొంతదూరం పోయి ఆగుతుంది. మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి పోతుంది. బండి మళ్లీ నడుస్తుంది! అలాంటప్పుడు ఇంజను విప్పించకండి, డబ్బు దండగ. రంధ్రం శుభ్రం చేయిస్తే చాలు.

మూత పెట్టేటప్పుడు వాషరు సరిగా కూర్చుందా, చూడండి. టక్కుమనేదాకా నొక్కి, తాళంచెవి తీసుకోండి.